నోళ్ళు తెరిచిన కోళ్ళు

షెడ్డులో పెద్ద ఫ్యాన్లు ఆగిపోయాయి. అంతసేపూ వాటి హోరులో కలిసిపోయిన కోళ్ళ అరుపు ఒక్కసారిగా బయటపడింది. కాసేపటికి అదీ తగ్గింది.

కృపారాణికి ఆ తగ్గడమే భయం. అరిచే కోడితో బాధ లేదు. అరుపు మానేసి నోరు తెరిచిందంటే ఎండ దాని లోపలికి దిగినట్టు.

మే నెల మిట్టమధ్యాహ్నం. పైన రేకులు. కింద షెడ్డు నిండా బ్రాయిలర్ కోళ్ళు. ఎల్లుండి లారీ వస్తుంది. అంత లావుగా పెరిగాయి కాబట్టే ఎండకు తట్టుకోలేవు. రొమ్మేమో బరువు, కాళ్ళలో బలం లేదు. కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవడానికి దానికున్న దారల్లా నోరే.

జనరేటరు చెడిపోయి మూలన పడింది. బాగు చేయిస్తానంటూనే ఉన్నాడు తిరుపతిలో ఉండే యజమాని హరినాథ్. షెడ్డు పక్క గదిలో కాపురముండి కోళ్ళను చూసుకునేది కృపారాణి, ఆమె మొగుడు పాల్. ఈ పూట పాల్ లేడు.

తిన్న మేత అరిగేటప్పుడు ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది. అందుకే కృపారాణి మేత డబ్బాలన్నీ తాళ్ళతో పైకి లాగి కట్టేసింది. కూలికి వచ్చే గంగులమ్మ గోనెపట్టలు తడిపి పక్క జాలీలకు వేలాడదీస్తోంది.

"నీ మొగుడు యాడమే? పనిబడితే సాలు, మనిషి కనపడడు."

"వస్తాడు లే అత్తా."

"ఆ, వస్తాడు. యాడన్నా సెట్టు కింద సీసా పక్కన పెట్టుకోని పొణుకోనుంటాడు. ఆ సీసాలోకి నీళ్ళు మోసుకుంటాడు గానీ, ఈడ కోళ్ళకు మోయమంటే నడుము నొప్పి."

కృపారాణి కొంగు ముడి విప్పింది. ఫోన్ తీసి చూసుకుంది. మళ్ళీ కొంగులో ముడేసుకుంది.

కోళ్ళు ఒక మూలకు చేరుతున్నాయి. బెదిరితే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. ఆమె కాళ్ళు ఈడ్చుకుంటూ, మెల్లగా, వాటి మధ్యన నడిచింది. కూర్చున్న కోడి పొట్ట కింద వేడి చిక్కుకుంటుంది. లేచి నాలుగడుగులు వేస్తేనే అది పోయేది.

"లెయ్ నాయనా, లెయ్. కొంచేపు నిలబడు."

కొన్ని లేచాయి. కొన్ని రెక్కలు ఒంటికి దూరంగా విప్పుకొని అలాగే చూశాయి. గొంతు కింద చర్మం టపటప కొట్టుకుంటోంది. నెత్తిన ఎర్రటి జుట్టు నల్లబడుతోంది.

ఒకటి కాళ్ళు చాపేసింది. ఆమె దాన్ని ఎత్తుకుంది. రొమ్ము కాలిపోతోంది. బకెట్లో ముంచి తీసేలోపే మెడ వాలిపోయింది.

"సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టు మే," అంది గంగులమ్మ.

"కొట్టినా. టైం పడుతుందంట."

"గెట్టిగా అడగాల. నోట్లో నోట్లో గొణిగితే ఎవుడిస్తాడు?"

"తొందరపెట్టేదానికి మనమెవరం అత్తా?"

ఫోన్ మోగింది. ఆత్రంగా ముడి విప్పింది. పేరు చూసి మొహం పాలిపోయింది. హరినాథ్.

"కరెంటు పోయిందంట?"

"అవును సార్."

"ఎన్ని సచ్చినాయి?"

"పోతానే ఉండాయి సార్."

"పాల్‌కియ్యి ఫోను."

ఆమె ఒకసారి గంగులమ్మ వైపు చూసింది. "ఆయన పైన... రేకుల మీద గడ్డి తడపతాండాడు సార్."

గంగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ ఇద్దురికీ జీతమిచ్చేది ఇద్దురూ ఆడ ఉండాలనే. ఇంకొకసారి షెడ్డు ఇడిసి పోతే సామాన్లు బయటేస్తానని మొన్ననే చెప్పినా. గ్యాపకం ఉండాదా?"

"ఉండాది సార్."

"సరే. పెద్దోళ్ళతో గెట్టిగా చెప్పించినా. ఇప్పుడే కరెంటు ఇస్తారు. నేను బయలుదేరి వస్తాండా."

"వద్దు సార్!"

"వద్దా? ఏంది వద్దు?"

"సార్, పాల్... ఆయన..."

"ఆయనతో వచ్చినాక మాట్లాడతాలే."

ఫోన్ పెట్టేశాడు. కృపారాణి మళ్ళీ కొట్టింది. ఎంగేజి. సబ్‌స్టేషన్‌కు కొట్టింది. అదీ ఎంగేజి. ఇంకో నంబరుకు కొట్టింది. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టబోతే తొందరలో వేరే ఎవరికో పోయింది.

"ఎందుకంత కంగారు? వస్తే వస్తాడు," అంది గంగులమ్మ, ఈసారి కొంచెం మెత్తగా. "మొగుడు లేడని నిజం చెప్పేయ్. కాళ్ళు పట్టుకుంటే కరగడా ఏంది?"

టక్కుమని చప్పుడైంది.

ఫ్యాన్లు కదిలాయి. ముందు బద్ధకంగా, తర్వాత జోరుగా. గాలి షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. తెల్లటి ఈకలు పైకి లేచాయి. మూలనున్న కోళ్ళు తలలెత్తాయి. ఒకటి తూలుకుంటూ లేచి నీళ్ళ దగ్గరికి నడిచింది. దాని వెనక ఇంకొకటి.

"వచ్చె! వచ్చె! గంగమ్మ తల్లి సల్లగా సూసింది. బతికినాం మే!" గంగులమ్మ తడి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

కృపారాణి చేతిలో బకెట్ జారిపోయింది. ఏనాడూ కోళ్ళను అదరగొట్టని మనిషి, వాటిని చెల్లాచెదురు చేసుకుంటూ షెడ్డు దాటింది. చెప్పుల్లేని కాళ్ళతో, ఎండలో, పొలాలకు అడ్డంపడి పరిగెత్తింది.

"యాడికి మే? కరెంటు వచ్చింది గదా!"

లైన్‌మన్ ఇచ్చే కూలి కోసం అతని బదులు కరెంటు స్తంభం ఎక్కిన పాల్, కిందికి దిగినానని ఇంకా ఫోన్ చేయలేదు.