కంచె మీద చీర

బస్సు దిగీ దిగగానే సాహితి అవ్వ చీర మీద కక్కేసింది.

ఏడేళ్ల పిల్ల. జూ చూస్తామన్న సంబరంలో పొద్దున్నే రెండు గిన్నెల ఉగ్గాని తిని బస్సెక్కింది. కడుపులో ఆగుతుందా మరి?

అవ్వ ఉరుకుందమ్మ ఇట్లాంటివి ఎరిగిన మనిషి. పత్తికొండ పక్క పల్లెలో వేరుశనగ సేద్యం చేసుకుంటూ నలుగురు పిల్లల్ని పెంచింది. సంచిలో ఇంకో చీర పెట్టుకునే వచ్చింది. జూ లోపలికి పోయి చీర మార్చుకుని, పాడైనదాన్ని కొళాయి కింద జాడించింది. శ్రావణమాసంలో ఈరన్నస్వామి దర్శనానికి పోయినప్పుడు మోజుపడి కొనుక్కున్న ఎర్ర చీర అది.

ఎదురుగా జింకల కంచె ఉంది. ఎండ చూస్తే మాడ్చేస్తోంది. ఇంతకంటే మంచి దండెం ఎక్కడ దొరుకుతుందని, చీర బారుగా పరిచి కంచె మీద ఆరేసింది.

గాలికి చీర లేచింది. లోపల పడుకున్న జింకలన్నీ ఒక్కసారిగా లేచాయి.

అక్కడే ప్లాస్టిక్ కవర్లు ఏరుతున్న ముసలాయన ఒకాయన పరుగున వచ్చాడు. తలకు తువ్వాలు, కాళ్లకు తెగి కుట్టించిన చెప్పులు.

"చీర తీయమ్మా. బెదురుతాండాయి."

"జింకలు పడకుండా మా చేన్ల చుట్టూ కట్టేది ఇట్లాంటి చీరలే గదప్పా. నాకు తెలీని జింకలా?"

"చేన్లో అయితే పారిపోనీకె చోటుంటాది. ఈడ యాడికి పోతాయమ్మా?"

మాట నిజమే. నిజమని ఆమెకూ తెలిసింది. కానీ నలుగురూ చూస్తుంటే, కవర్లు ఏరుకునే జీతగాడు చెప్పాడని తీసేదేమిటనిపించింది. పది నిమిషాల్లో ఆరిపోతుంది, అప్పుడు తీస్తానంది.

ఆ మాట పూర్తయ్యేలోపే నిండు చూలుతో ఉన్న జింక ఒకటి వచ్చి కంచెకు కొట్టుకుంది.

ముసలాయన ఇంక ఆగలేదు. చీర పట్టుకుని గుంజాడు. కొంగు తీగకు తగులుకుని పర్రున చిరిగింది. రెండో చెరగు గట్టిగా పట్టుకున్న ఉరుకుందమ్మ తూలి మోకాళ్ల మీద పడింది.

జనం మూగారు. ఆఫీసరు వచ్చాడు. ఆమె చిరిగిన చీర చూపించింది, గీసుకుపోయిన మోకాలు చూపించింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కోపం నోట ఇంకో మాట పలికించింది.

"తోసినాడు సార్. ఆడమనిషని గూడా జూడకుండా తోసేసినాడు."

"అవ్వా..." అని సాహితి ఏదో చెప్పబోయింది. ఉరుకుందమ్మ పిల్ల చెయ్యి నొక్కింది.

నిజమేనా అని ఆఫీసరు ముసలాయనను అడిగాడు. ఆయన ఉరుకుందమ్మ వైపు చూడనే లేదు. ఆ చూలు జింక సరిగా నిలబడిందా లేదా అని చూస్తున్నాడు.

"తప్పే సార్," అన్నాడు.

రేపటి నుంచి గేటు లోపల అడుగు పెట్టొద్దన్నాడు ఆఫీసరు. అప్పుడు మాత్రం ముసలాయన ఆఫీసరు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అది ఈనేదాంక రానీయండి సార్. నాలుగు దినాల్లో ఈనుతాది. ఆ తర్వాత మీరు పిల్చినా రాను."

కుదరదన్నాడు ఆఫీసరు. కాపలావాడు ఆయన్ను గేటు దాకా నడిపించుకుపోయాడు.

ఆ తర్వాత ఉరుకుందమ్మ పులిని చూసింది, ఎలుగుబంటిని చూసింది. తెచ్చుకున్న జొన్నరొట్టె తీసి, ఒక్క ముక్క తుంచి ఆపేసింది. మొసళ్ల మడుగు దగ్గర మనవరాలు ఒకటే అడిగింది.

"ఆ తాత నిన్ను తోయలేదు గదవ్వా?"

ఉరుకుందమ్మ రొట్టె సంచిలో పెట్టేసి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆఫీసు గదికి తాళం వేసి ఉంది. సారు ఊరికి పోయాడనీ, సోమవారం దాకా రాడనీ ఎవరో చెప్పారు. గస పోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చి, టికెట్లిచ్చే విశ్వాసమ్మను పట్టుకుంది.

"నా నోట్లో పురుగులు పడ. తోయలేదు తల్లీ, నేనే పడినా. ఆయప్ప పని తీసేయొద్దని మీ సారుకు చెప్పు."

విశ్వాసమ్మ వింతగా చూసింది.

"మద్దిలేటి తాతకు ఈడ పనెవరిచ్చినారవ్వా? దినమూ నీ మాదిరే టికెట్టు కొనుక్కోని వస్తాడు."

నాలుగేళ్ల కిందట ఆయన బుడ్డశనగ చేను చుట్టూ చీరలు కట్టాడట. వాటిని చూసి బెదిరిన తల్లి జింక ఒకటి పరుగెత్తి పాడుబావిలో పడి చచ్చిపోయిందట. తెల్లారి పోయి చూస్తే, ఇంకా పాలు మరవని పిల్ల బావి గట్టున నిలబడి ఉందట. దాన్ని తువ్వాల్లో చుట్టుకొచ్చి ఇక్కడ అప్పగించి, ఆ ఏడుతోనే సేద్యం మానేశాడట.

"యాడుంటాడమ్మా ఆయప్ప? పోయి కాళ్లు పట్టుకుంటా."

విశ్వాసమ్మకూ తెలియదు. ఏ ఊరని అడిగితే కొండ వైపు చెయ్యి చూపేవాడట, అంతే. ఫోను కూడా లేదు.

ఉరుకుందమ్మ చేతిలో చిరిగిన చీర ఇంకా తడిగానే ఉంది.

"ఆ పిల్లేనవ్వా, ఇప్పుడు చూలుతో ఉండేది," అంది విశ్వాసమ్మ. "తొలికాన్పుకు పుట్టింటోళ్లుండాల గదా, నేను తప్ప దానికింగెవరుండారు తల్లీ అని నిన్ననే అన్నాడు."