పండకూడని కాయ

"అత్తయ్యా, నిజం చెప్పండి. దీని పక్కన పండేమైనా పెట్టారా?"

అత్తగారు అప్పుడే మంచం దిగింది. వారం రోజుల జ్వరం మనిషిని సగం చేసింది. గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఈ ఇంట్లోకి పండన్నది వచ్చి నాలుగు నెలలైంది కదే తల్లీ!" అంది.

అదీ నిజమే. పళ్ళను గడప దాటనివ్వనిది కోడలే.

అలమరలో బోర్లించిన గాజుగిన్నె, దాని కింద ఒకే ఒక్క టమాటా. నిన్నటిదాకా పచ్చగా రాయిలా ఉన్న కాయ. ఇవాళ దాని అడుగున ఎర్రటి జీర.

ఆ కాయ ఆమె భర్త పెంచిన మొక్కది. విత్తనాల పరిశోధనశాలలో ఆరేళ్ళు తంటాలు పడి సాధించిన రకం. ఒకటి కోసుకొచ్చి ఆమె చేతిలో పెట్టి, "కాయ పండాలంటే దాని లోపల ఎథిలీన్ అని ఒక గాలి పుట్టాలి. రంగు తిప్పేదీ, మెత్తబరిచేదీ అదే. దీనికి ఆ గాలి పుట్టదు. పక్కన మగ్గిన పండేదైనా ఉండి, దాని గాలి తగిలితే తప్ప ఇది ఇలాగే ఉంటుంది," అన్నాడు. మర్నాడు మనిషే లేకుండా పోయాడు.

అతని వేళ్ళ జాడ చెరిగిపోతుందని ఆమె మళ్ళీ ఆ కాయను ముట్టుకోలేదు. పొద్దున్నే దాని ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పుకుంటే తప్ప ఏ పనీ మొదలుపెట్టేది కాదు. మతి చలించిందన్నారు ఇరుగుపొరుగు. అననీ. అది పచ్చగా ఉన్నన్నాళ్ళూ అతను పూర్తిగా పోనట్టే.

"ఆయనే వచ్చారత్తయ్యా," అంది కోడలు. "తెల్లవారుజామున ఈ గిన్నె కదిలిన చప్పుడు ఎన్నిసార్లు విన్నానో. మీరు భయపడతారని చెప్పలేదు. ఈ వారం ఆ చప్పుడూ లేదు. ఆయన ఊపిరి తగిలే ఇది పండుతోంది. ఇక వెళ్ళొస్తానంటున్నారు."

అక్కడే కూలబడిపోయింది. "రేపటికి మెత్తబడుతుంది. ఆ తర్వాత కుళ్ళిపోతుంది. అప్పుడు నేనెవరితో మాట్లాడాలి?"

అత్తగారికి ఇక దాచడం చేతకాలేదు.

"వాడు రాలేదే. ఆ చప్పుడు నాది. నాలుగు రోజులకోసారి కూరలావిడ దగ్గర అంతే ఉన్న పచ్చికాయ ఏరి తెచ్చి, నువ్వు లేవకముందే మారుస్తున్నాను. ఈ వారం జ్వరంతో లేవలేకపోయాను."

కోడలు తలెత్తి గిన్నె కింది కాయ వైపు చూసింది. ఇన్నాళ్ళూ తను కష్టసుఖాలు చెప్పుకున్నది బజారు టమాటాలతోనా?

"మరి ఆయన తెచ్చిన కాయ?"

"వాడు పోయిన మూడోరోజు, సంగతి తెలియక కూరలో తరిగేశాను. మర్నాడు నువ్వు దానికోసం వెతుక్కుంటుంటే భయమేసి ఇంకోటి పెట్టాను."

"ఏ కూర?"

అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది.

"గుర్తులేదూ? రెండు రోజుల పస్తు తర్వాత, మెతుకు వదలకుండా తిన్నావు చూడు... ఆ కూరే."