తలుపుకి కొత్త తాళం

"చాలా సింపుల్ ఫ్రెండ్స్," అన్నాడు ఫోనులో కుర్రాడు. "ముందుగా మీ పవర్ డ్రిల్ చేతిలోకి తీసుకోండి."

"డ్రిల్లా? మన కొంపలో తెగే కత్తెరే లేదు," అంది అత్తగారు, ఫోను కళ్ళకి దూరంగా పెట్టుకుని. "వీడెవడో బాగా కలిగినవాడిలా ఉన్నాడే!"

కోడలు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు అంచున ఉన్న స్క్రూతో కుస్తీ పడుతోంది. దాని తల అరిగిపోయింది. స్క్రూడ్రైవర్ పెట్టిన ప్రతిసారీ జారిపోతోంది. చెమట కారి, నిన్న మొగుడి వేళ్ళు దిగబడిన చోట మెడ చురచురమంటోంది.

అతను డ్యూటీ దిగి వచ్చేది చీకటి పడే వేళకి. రేపు తెల్లారేసరికి ఆమె అన్నయ్య రైలు దిగుతాడు, ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్తాడు. మధ్యలో ఉన్నది ఈ ఒక్క రాత్రే. లోపలి గడియ అతనే ఎప్పుడో ఊడపీకి పారేశాడు, నా ఇంట్లో నాకే తలుపేస్తావా అని. ఇక మిగిలింది ఈ తాళం. అది మార్చేస్తే అతని జేబులో ఉన్న తాళం చెవి ఎందుకూ కొరగాదు. వీధి చివర తాళాలవాణ్ణి పిలుద్దామా అంటే, వాడూ ఇతనూ ఒకే సీసా పంచుకునే స్నేహితులు. వాడు మెట్లెక్కేలోపే ఇతనికి ఫోను వెళ్తుంది. అందుకే ఈ వీడియో.

"ఆపండత్తయ్యా! కొంచెం వెనక్కి జరపండి. ఏదో తీశాడక్కడ, కనపళ్ళేదు."

"జరగనిస్తేగా! ఇదిగో, ప్రకటన పడింది. ఎవత్తో జుట్టు విరబోసుకుని షాంపూ రుద్దుకుంటోంది. ఇక్కడ మన కొంప మునుగుతుంటే దీని జుట్టు గోలేంటే నాకు!"

కుర్రాడు మళ్ళీ వచ్చాడు. వాడి తలుపు కొత్తది. వాడి స్క్రూ ఒక్క తిప్పుకే ఊడి అరచేతిలో పడింది. ఆ తర్వాత కాస్త సంగీతం, తెర మీద ఓ మెరుపు. చూసేసరికి తాళం చెవి దూరే ఇత్తడి ముక్క, అదే సిలిండర్, బయటికి వచ్చి వాడి చేతిలో ఉంది.

"చూశారుగా ఫ్రెండ్స్! మామూలు మనుషులు ఎవరైనా చేసుకోవచ్చు."

"ఏం చూశాం, నీ మొహం!" అంది అత్తగారు. "అసలు పనంతా మింగేసి చూశారుగా అంటాడేంటి వీడు?"

ఫోను కింద పెట్టేసి, కోడలి చేతుల మీద తన చేతులు వేసి, ఒంట్లో ఉన్న బలమంతా మోపింది. స్క్రూ కిర్రుమంది. కదిలింది. ఊడింది.

సిలిండర్ మాత్రం రాలేదు. లాగినా రాలేదు, వెనక నుంచి పొడిచినా రాలేదు. కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది. కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది.

"మన వల్ల కాదత్తయ్యా. ఆయన వచ్చేస్తాడు."

"ఏడుపు రేపు ఏడుద్దువుగాని, ఉండు. వీడి కింద జనం ఏదో రాశారు." అత్తగారు కూడబలుక్కుని చదివింది. "'నాకూ రాలేదు అన్నా. తాళం చెవి పెట్టి... కొద్దిగా పక్కకి తిప్పి లాగితే వచ్చింది.' ఎవరి బిడ్డో, చల్లగా ఉండాలి!"

తన దగ్గరున్న పాత తాళం చెవి పెట్టి, కొద్దిగా తిప్పి లాగింది కోడలు. వచ్చేసింది! మధ్యాహ్నం సంచి అడుగున దాచి తెచ్చిన కొత్తది అందులోకి సాఫీగా దూరింది. స్క్రూ బిగించి, తాళం చెవి రెండుసార్లు తిప్పింది.

అత్తగారు గోడకి చేరగిలబడింది. "కన్నకొడుకు రాకుండా తలుపేసుకునే రోజొకటి వస్తుందనుకోలేదే."

"బాధగా ఉందా అత్తయ్యా?"

"ఉండదా మరి! కడుపు తరుక్కుపోతోంది. అలాగని ఆ మెడ చూశాక వేయకుండా ఎలా ఉంటాను?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

బయట తాళం చెవి దూరింది. తిరగలేదు. మళ్ళీ దూరింది. హ్యాండిల్ గడగడలాడింది.

"ఏయ్! తియ్యవే తలుపు!" పిడికిలితో దబదబా బాదాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. "ఏంటండీ ఆ గోల?"

"ఏం లేదండీ, తాళం పట్టేసింది," అన్నాడతను, ఎంతో మర్యాదగా. ఎదురింటి తలుపు మూసుకుంది.

ఆ తర్వాత కేక లేదు, బాదుడు లేదు. అత్తాకోడళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు.

"పోయినట్టున్నాడే," అంది అత్తగారు గుసగుసగా. "పొద్దుట్నుంచీ నీళ్ళు తప్ప ఏం ముట్టలేదు నువ్వు. రా, రెండు ముద్దలు తిందాం."

అప్పుడు వినిపించింది, బయట ఓ ఆడమనిషి గొంతు. మెత్తగా, ఆప్యాయంగా. కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఎదురింటావిడే అయ్యుంటుంది, ఆయనకి నచ్చజెప్పి పంపించేస్తోంది కాబోలు. చప్పుడు కాకుండా వెళ్ళి తలుపుకి చెవి ఆనించింది.

"తాళం చెవి లేక బయట నిలబడిపోయారా? కంగారు పడకండి," అంటోందావిడ నవ్వుతూ. "ఈ వీడియో చివరిదాకా చూడండి, ఎలాంటి తలుపైనా మీరే తీసేసుకోవచ్చు."