అన్నిటి మీదా పేరు

"నాలికబద్ద మీద కూడానా, నాన్నా?"

"నాలికబద్ద మీద ముందు! అదే ముందు పోయేది," అన్నాడు గౌరీశంకరం మాస్టారు.

తెనాలి బజార్లో స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని పేర్లు కొట్టే అతను మిషను ఆపి, తండ్రి వంకా కొడుకు వంకా చూశాడు. కంచం అయింది. గ్లాసు, చెంబు, చెంచా, క్యారియరు గిన్నెలు, వాటి మూతలు, ఆఖరికి ట్రంకుపెట్టె తాళంకప్ప కూడా అయింది. అన్నిటి మీదా 'బి.వి. నాగేశ్వరరావు, బి.యస్సీ.' అని వెలిసింది. నాగేశ్వరరావు ఇంకా బీయస్సీలో చేరనే లేదు. మర్నాడు బాపట్ల వెళ్ళి హాస్టల్లో దిగితే కదా చేరడం!

"ఆ హాస్టల్లో నేనూ ఉన్నాన్రా. దొంగల కొంప! నా చెంబు పోయింది. తువ్వాలు పోయింది. ఆరేసుకున్న చొక్కా పోయింది. అంతమంది దొంగల మధ్య నుంచి క్షేమంగా ఇంటికి తెచ్చుకున్నది ఇదొక్కటే," అంటూ మాస్టారు ఇత్తడి బకెట్టు తీసి ముందు పెట్టాడు.

దాన్ని చూస్తేనే నాగేశ్వరరావుకి నీరసం వచ్చింది. ఇన్నేళ్ళూ దొడ్లో నీళ్ళపొయ్యి మీద కాగి కాగి అడుగంతా మసిబారిపోయిన మోటు బకెట్టు.

"అందరూ ప్లాస్టిక్ బకెట్లు తెచ్చుకుంటారు నాన్నా. నీలం రంగుది ఒకటి కొనుక్కుంటాను."

"ప్లాస్టిక్కు మీద పేరు నిలుస్తుందట్రా? ఏమయ్యా, దీని మీద కొట్టు. పెద్దగా!"

"అడుగున మసి ఉందండి, అక్షరం పడదు. పక్కన కొడతా," అన్నాడు అతను. పక్కన కొట్టాడు. ఆమడ దూరం నుంచి కనపడేలా కొట్టాడు.

నాగేశ్వరరావు బాధ వేరు. వాళ్ళ పక్కవీధి జగన్నాథరావు అదే హాస్టల్లో సీనియరు. మొదటి రోజు ఏ పేరు పడితే చదువు అయ్యేదాకా అదేనని ముందే చెప్పాడు. పాపం అతను చేరిననాడు అన్నం తినేటప్పుడు కూర్చోడానికి ఇంటినుంచి పీట తీసుకెళ్ళాడు. ఇప్పటికీ లెక్చరర్ల దగ్గర్నుంచి చాకలి దాకా అందరికీ అతను పీటగాడే. తనకి అలాంటిదేదీ తగలకుండా చల్లగా హాస్టల్లోకి దూరిపోవాలని నాగేశ్వరరావు ఆశ. ఈ తండ్రిని వెంటబెట్టుకుని చల్లగా ఎక్కడికైనా దూరడం అయ్యే పనేనా?

మర్నాడు పొద్దున్నే తల్లి కమలమ్మ బకెట్టుని దొడ్లోంచి ఎత్తుకొచ్చింది. చింతపండు పెట్టి తోమితోమి ఆవిడ చేతులు ఎర్రబడ్డాయి.

"ఏవండీ, ఒకసారి దీని అడుగు చూడండి."

"అవతల బండికి టైమవుతుంటే అడుగులు చూసే తీరికెక్కడిదే? నాలికబద్ద పెట్టావా?"

"పెట్టాను. అది కాదండీ, అడుగున..."

"చూశాలే! బంగారంలా ఉంది," అన్నాడు మాస్టారు, అటు తిరక్కుండానే. కమలమ్మకి ఒళ్ళు మండింది. మీ ఇష్టం అనేసి బకెట్టు తీసుకెళ్ళి రిక్షాలో పెట్టింది.

పాసింజరు బండిలో మాస్టారు ప్రతి స్టేషన్లోనూ సామాన్లు లెక్కపెట్టాడు, ఒక్కోదాని మీద పేరు పైకి చదువుతూ. నిడుబ్రోలు దాటేలోపు రైలుపెట్టెలో వాళ్ళంతా "నాగేశ్వర్రావు బాబూ, కాస్త జరుగు," అనడం మొదలెట్టారు. నాగేశ్వరరావు కిటికీలోంచి తల లోపలికి తీయలేదు.

హాస్టలు వరండాలో వార్డెను అబ్రహాము గారు ఎదురొచ్చారు. నెమ్మదైన మనిషి. పై వరండాలో సీనియర్లు పిట్టగోడ మీదకు వాలి, వచ్చేవాళ్ళని ఒక్కొక్కరినీ తీరిగ్గా చూస్తున్నారు. వాళ్ళ మధ్యలో జగన్నాథరావు ఉన్నాడు.

"నమస్కారమండి. ఇక్కడ దొంగతనాల సంగతి ఏం చేస్తున్నారు?" అన్నాడు మాస్టారు వస్తూనే.

"ఇప్పుడలాంటివేం లేవండి."

"మీకు తెలీదు సార్. నేను పాత విద్యార్థిని. ఇక్కడ చేతికి దొరికింది చంకన పెట్టుకుపోతారు!"

పైన నవ్వులు వినపడ్డాయి.

"నాన్నా, గదికి పోదాం పద," అని గింజుకున్నాడు నాగేశ్వరరావు.

"ఉండరా! చెప్పనీ. మనిషికి జాగ్రత్త ఉండాలి సార్. నీతి ఉండాలి. నేనైతే స్కూల్లో పిల్లలకి సుద్దముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళనివ్వను. ఇదిగో, ఈ బకెట్టు చూడండి. మా రోజుల నాటిది. ఎవడి చేతిలోనూ పడకుండా కాపాడుకున్నాను. ఇత్తడి ఎంత మందమో చూడండి!"

అంటూ బకెట్టుని నేల మీద బోర్లించి, అడుగు మీద వేళ్ళతో కొట్టాడు. అది ఖంగుమంది. పైన సీనియర్లంతా ఇంకా కిందికి వంగారు.

అబ్రహాము గారు మర్యాదకి వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. కుర్రవాడి పేరేమోనని, చూపుడువేలు ఆనించి పైకే చదివారు.

"హాస్టలు మెస్సు. సాంబారు. బయటికి తీసుకుపోరాదు."

మాస్టారు తన బకెట్టు అడుగుని ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాడు.

"మరి... నా చెంబు పోయింది కదండీ," అన్నాడు చిన్నగా.

పై వరండాలోంచి జగన్నాథరావు కేక, అన్నాళ్ళ బరువు దిగిన మనిషి హుషారుతో, హాస్టలంతా మార్మోగింది.

"ఒరేయ్ సాంబారూ! సామాన్లు తీసుకుని పైకి రారా!"