ఆవిరి రాని టీ

అల్మాటీ వెళ్లే రైల్లో మందు తాగుతూ దొరికితే తర్వాతి స్టేషన్లో దించేస్తారు. అందుకే నా తెలివంతా ఉపయోగించి బ్రాందీని టీ కెటిల్‌లో పోసుకొచ్చాను. ఇక్కడ టీ తాగే చిన్న గిన్నెలో కొంచెం కొంచెం వంపుకుని, నాలుక కాలుతున్నట్టు ఊదుకుంటూ తాగుతున్నాను. నటుణ్ణి కావలసినవాణ్ణి, గుమాస్తానయ్యాను.

మధ్యాహ్నం, మా రైలుపెట్టె చూసుకునే అటెండెంటు కుల్యాష్ వచ్చి నా ఎదుట కూర్చుంది.

"టీ బాగుందా అన్నా?"

"కడుపులో బాలేదు చెల్లెమ్మా. వేడివేడిగా తాగుతున్నా."

"వేడినీళ్ల బాయిలరు నా గది పక్కనే ఉంది. పొద్దుట్నుంచి నువ్వొక్కసారీ రాలేదే."

దిగిపోవడానికి సంచి భుజాన వేసుకున్నాను.

"కూర్చో. ఎంతమందిని దించను? ఈ పెట్టెలోంచి వేడినీళ్లకి ఒక్కరూ రాలేదు."

తలెత్తి చూశాను. పెట్టె పొడవునా పెద్దమనుషులందరూ గిన్నెల్లోకి ఊదుకుంటున్నారు.