లస్మవ్వ చీటీలు

"ఈ టేప్ రికార్డర్ ఎవరిది?"

ఏడో తరగతి పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కిటికీలో నీళ్ళకూజా వెనక దొరికిన దాన్ని సామ్రాజ్యం టీచరు పైకెత్తి పట్టుకుంది. మీట నొక్కితే తన గొంతే ఇంగ్లీషు పాఠం చదువుతోంది.

గుమ్మం దగ్గర చీపురు చప్పుడు ఆగింది.

"నాదే మేడం," అన్నాడు భూమయ్య.

మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలోని ఆ చిన్న బడికి ఊడ్చేదీ, నీళ్ళు నింపేదీ, గంట కొట్టేదీ భూమయ్యే. జగిత్యాల దగ్గరి పల్లె వదిలి ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళయింది. టీచరమ్మది బాపట్ల. ఆమె కోపం పాలపొంగు లాంటిదని బడంతా ఎరుగును. అయినా పొంగేటప్పుడు ఎదురుగా నిలబడాలని ఎవరికుంటుంది?

"నా పాఠాలు దొంగచాటుగా పట్టి ఎవరికిస్తున్నావ్? పెద్దసారుకా?"

"అయ్యో, నా బిడ్డకు మేడం. లస్మవ్వకు."

ఉత్తరం రాయడం రానివాళ్ళు ఆ రోజుల్లో క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. భూమయ్య క్యాసెట్లో ఒక పక్క పెళ్ళాం సత్తవ్వకు చెప్పే కబుర్లు, రెండో పక్క టీచరమ్మ పాఠం.

"పోయినేడు మా ఊర్ల ఏడో తరగతిల ఒక్కరు గూడ ఇంగ్లీషుల పాస్ గాలే మేడం. సారే లేకుండె. గిప్పుడు కొత్తగ ఒకాయన వచ్చిండట. లస్మవ్వ తప్పిందంటే మా అన్న బడి మాన్పిచ్చి బీడీలు చెయ్య కూసోబెడ్తడు. మీ లెక్క ఇడమరిచి చెప్పెటోళ్ళు ఆడ లేరు. టేపు మిషిన్ బడికే పట్కపోయి అందరికి ఇనిపిస్తదట. సారేమనడట."

పాలపొంగు చల్లారింది. మర్నాడు టేప్ రికార్డర్ కూజా వెనక లేదు, టీచరమ్మ బల్ల మీదే ఉంది.

"లస్మవ్వా, బంగారు తల్లీ, దగ్గరికొచ్చి కూర్చో. నేనొక వాక్యం చదివి ఆగుతాను. నువ్వు చదువు."

ఆమె ఆగినప్పుడల్లా, కనపడని ఆ పిల్ల కోసం క్లాసంతా ఊపిరి బిగబట్టి కూర్చునేది.

నెల తిరిగాక ఊరి నుంచి వచ్చినతను భూమయ్యకు ఒక చీటీ ఇచ్చాడు. భూమయ్యకు చదువు రాదు. టీచరమ్మే చదివింది. "మీ పాఠం విన్నాను. అందరి ముందు నిలబడి చదివితే చేతులు వణుకుతున్నాయి. ఏం చెయ్యాలి?"

"ముత్యాల్లాంటి రాత! నీ కూతురిదేనా?"

"నేనొచ్చేటప్పుడు అది మూడో తరగతి మేడం. ఇప్పుడెట్ల రాస్తదో నాకేమెరుక? మరి దానిదే అయి ఉంటది," అంటూ పొంగిపోయాడు భూమయ్య.

టీచరమ్మ మీట నొక్కింది. "పుస్తకం చేత్తో పట్టుకోకు తల్లీ. బల్ల మీద పెట్టి చదువు."

"బల్లలు యాడియి మేడం? పిల్లలు కిందనే కూసుంటరు."

"నువ్వూరుకో భూమయ్యా."

రెండో చీటీ వచ్చింది. "బల్ల మీద పెట్టి చదివాను. చేతులు వణకలేదు. కాని తప్పు పలికితే పిల్లలు నవ్వుతున్నారు."

"చూశావా, బల్లలు వేయించారు!" అంది టీచరమ్మ గెలిచినట్టు. తర్వాత చివరి మాట మళ్ళీ చదువుకుంది. పాతికేళ్ళ కిందట తను మొదటిసారి పాఠం చెప్పబోతే క్లాసంతా నవ్వింది. వరండాలోకి పోయి ఏడ్చింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు టేపులో లస్మవ్వకు చెప్పింది.

"నన్ను చూసీ నవ్వారమ్మా. నేను పారిపోయాను. నువ్వు పారిపోకు. వాళ్ళతో పాటు నవ్వేసి, అదే వాక్యం మళ్ళీ చదువు."

ఆ తర్వాత ప్రతి టేపులోనూ చేతులెలా ఉన్నాయనీ, పిల్లలింకా నవ్వుతున్నారా అనీ అడిగేది.

ఏప్రిల్‌లో లస్మవ్వకు పరీక్షలు. భూమయ్య రెండుసార్లు గంట కొట్టడం మరిచాడు, టీచరమ్మ తిట్టలేదు. అక్కడ సెలవు శుక్రవారమే, ఆ రోజు చర్చిలో ఆమె ప్రార్థనలో లస్మవ్వ పేరు చేరింది.

మే నెలలో, సెలవుకు పోయొచ్చిన భూమయ్య ఊరివాడు పెద్దులు ఒక క్యాసెట్ తెచ్చాడు. బడి వదిలాక ఖాళీ క్లాసులో ఇద్దరూ కూర్చుని పెట్టుకున్నారు.

"టీచరమ్మా, దండాలు. నేను లస్మవ్వను. ఇంగ్లీషుల పాసైన. ఇగ బీడీలు లేవు, ఎనిమిదికి పోత."

భూమయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.  టీచరమ్మ వారం వారం దేవుడికి చెప్పుకున్నది జరిగింది.

"మా క్లాసుల ముప్పై రెండు మందిమి టీచరమ్మా. అందరం పాసైనం."

"అందరూనా!" అంది టీచరమ్మ.

"ఒక్క మాట. చేతులు వణుకుతున్నయా, పిల్లలు నవ్వుతున్నరా అని టేపుల నన్నే అడుగుతున్నరు. నాకు చేతులెన్నడు వణకలే."

టీచరమ్మ భూమయ్య వంక చూసింది.

"చీటీలు రాసింది మా కొత్త ఇంగ్లీషు సారు."