గూడబాతు ఊరికే మోసిన చేపలు

పిల్లల్ని చెరువు అవతలి గట్టున వదిలి, ఇవతల చేపలు పట్టుకుని బతికే నీటికోళ్లు కొన్ని ఉండేవి. అంత దూరం రోజూ ఈదుకుంటూ వెళ్లి రాలేవు. గూడబాతు వాటి చేపల్ని తన గొంతుసంచిలో వేసుకుని అవతలికి చేర్చేది. "మోత కూలి లేదు, ఊరికే" అని పొద్దున్నే చెరువంతా వినపడేలా అరిచేది.

పిల్లలు చేపను మింగలేవు. అందుకని గూడబాతు అవతల చేపల్ని రొయ్యలకి మార్చి పిల్లలకి ఇచ్చేది. ఆ గట్టు మీద ఎవరినడిగినా చేపకి పది రొయ్యలు. గూడబాతు ఇచ్చేది ఆరు.

తన పిల్ల బక్కచిక్కిపోయిందని కబురు విన్న ఒక నీటికోడి, చెరువు పంచాయితీలో గూడబాతుని నిలదీసింది.

"నేను కూలి తీసుకున్నానా? ఎన్ని రొయ్యలిస్తావని నన్నెవరూ అడగలేదు" అంది గూడబాతు.

"ఊరికే అన్నాక ఎవరడుగుతారు? నాలుగు రొయ్యలు నువ్వు మింగి, నా బిడ్డ కడుపు మాడ్చి, ఊరికే మోశానంటావా?"

పంచాయితీ పెద్ద తాబేలు చట్టం చేసింది. అవతల ఎన్ని రొయ్యలిస్తుందో గూడబాతు ముందే చెప్పి తీరాలి.

మర్నాడు గూడబాతు ఎప్పటిలాగే "ఊరికే" అని అరిచింది. సంచి నిండా చేపలు కుక్కుకున్నాక, ఎవరికీ అర్థం కాకుండా ఏదో గొణిగి, చెప్పేశానుగా అన్నట్టు తాబేలు వైపు చూసింది.

నీటికోడి తన చేపని కాలికింద తొక్కిపట్టింది.

"తాతా, ఇంకో ముక్క రాయి. చేప నోట్లో పడకముందే చెప్పాలి. ఊరికే అని అరిచిన గొంతుతోనే చెప్పాలి."

తాబేలు రాసింది. ఆ రోజు నుంచి గూడబాతుకి గొంతు పోయింది.